థోర్వాల్ద్ రొట్టెల వంతు

లెమ్విగ్ రేవులో మా తాళ్ళ కార్ఖానాలో అందరికంటే పాతవాడు థోర్వాల్ద్. పడవల మోకులు పేనే యంత్రం పక్కనే అతని జుట్టు నెరిసింది. ఎంత నిబ్బరమైన మనిషంటే, గాలివాన కూడా అతన్ని అడిగే రేవులోకి వచ్చేదని మనవలకు చెబుతుంటాను. అలాంటివాడు బెదరడం ఒక్క వారమే చూశాను.

మాలో శుక్రవారం పొద్దున పని మొదలయ్యే ముందు ఒకరు అందరికీ వేడి రొట్టెలు తేవాలి. వంతులవారీగా. పనిలోంచి తీసేయబోయే మనిషి చేత మాత్రం కొనిపించకూడదని పాత యజమాని పట్టింపు. "ఈసారి నువ్వు తేవద్దులే" అన్నాడంటే వాడికి ఆ శుక్రవారమే ఆఖరు. మాతో పనిచేసిన ఐనార్ ఉద్యోగం అలాగే ఊడింది.

యజమాని చనిపోయాక ఆయన కూతురు బిర్గిట్టె వచ్చింది. పనివాళ్ళే కంపెనీకి అసలు పెట్టుబడి, వాళ్ళను కనిపెట్టుకుని ఉండాలి అనేది. మనస్ఫూర్తిగానే అనేది. ఒక సోమవారం థోర్వాల్ద్ భుజం తట్టి నవ్వింది.

"ఈ శుక్రవారం నువ్వు రొట్టెలు తేవద్దు. నేను తెస్తాలే."

యంత్రాల హోరులోనూ ఆ మాట అందరికీ వినబడింది.

మధ్యాహ్నం అతని డబ్బాలో చేపముక్క అలాగే ఉండిపోయింది.

"తినవేంట్రా?" అన్నాను.

"దిగట్లేదు. మా ఆవిడ మారెన్‌కి ఏం చెప్పను?"

"ఇంట్లో తర్వాత చెప్పుకుందువు. ముందు బిర్గిట్టెను అడుగు."

"అడిగితే అవునంటుందేమోరా!"

థోర్వాల్ద్‌నే పంపేస్తే మా గతేమిటి? బిర్గిట్టె గది తలుపు కిర్రుమంటే చాలు, అందరి చేతులూ ఆగిపోయేవి. మోకులు వదులుగా, ఉండలు ఉండలుగా వచ్చాయి. ఆ వారం పేనిన మోకుతో కట్టిన పడవ గాలి లేకపోయినా ఊగుతుందంటే మనవలు నమ్మరు.

"ఇంత బాగా చూసుకుంటుంటే పని ఇలా తయారైందేంటి?" అంది బిర్గిట్టె. అందరం మోకుల మీదికి వంగాం.

శుక్రవారం ఆమె బుట్టతో వచ్చేసరికి థోర్వాల్ద్ బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కోటు విప్పలేదు. ముందు తన బుట్ట, వెన్న గిన్నె.

"నేను తెస్తానన్నాగా!"

"వంతు నాది. పంపేస్తే పంపెయ్. నా రొట్టె తిని పంపు."

"పంపడమేంటి? ఎక్కడికి?"

"ఐనార్‌ని మీ నాన్న పంపిన చోటికే," అన్నాడు వెనక నుంచి మాలో ఒకడు, క్రెస్తెన్. "ఆయనా ముందు రొట్టెల వంతే తీసేశాడు."

బిర్గిట్టె ముఖం పాలిపోయింది. మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. తన బుట్ట బల్ల కిందికి తోసి, అతని బుట్టలోంచి ఒక రొట్టె తీసుకుంది.

"వెన్న ఇటివ్వు, థోర్వాల్ద్. మళ్ళీ వంతుకీ నువ్వే తేవాలి."

అతను గిన్నె అందించాడు. అప్పుడు కోటు విప్పాడు.

ఆ తర్వాత పని మానేసేదాకా, ఒళ్ళు కాలిపోతున్నా, మారెన్ తీసుకెళ్తానని బతిమాలినా, ఆ బుట్టను మరొకరి చేతికివ్వలేదు.