నాలుగు వేళ్ల బాబాయి

కంకర మిల్లులో లారీలు తూచే కాటా గది దగ్గర ఆ ఉదయం ఒకటే నవ్వులు. ఎవరి మీదంటారా? ఇరవై ఏళ్లుగా ఆ మిల్లు లారీ తోలుతున్న బాబాయి మీద. లోడెత్తగానే ఆయన బండిని చదునైన చోట ఆపి, వెనక టైరుకీ బాడీకీ మధ్య సందులో చెయ్యి అడ్డంగా పెడతాడు. నాలుగు వేళ్లు పడితే బరువు సరి. మూడే పడితే ఎక్కువ. అంతే, ఆయన శాస్త్రం అంతవరకే! అందుకే నాలుగు వేళ్ల బాబాయి అనే పేరు స్థిరపడిపోయింది. ఇంట్లో ఆవిడైతే, "లారీ బరువు వేళ్ల మీద చెప్తావు, కూరలో ఉప్పు మాత్రం నోట్లో పెట్టుకున్నా తెలీదు" అని దెప్పుతుంది.

ఆ ఉదయం మూడు వేళ్లే పట్టాయి. కాటా చీటీ చూస్తే బరువు సరిగ్గా ఉందంటోంది.

"ఎక్కువైంది, తియ్యాలి" అన్నాడు బాబాయి.

కాటా గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టాడు. "రాత్రి వాన పడి నీ వేళ్లు ఉబ్బాయేమో చూసుకో బాబాయ్!"

మిగతా డ్రైవర్లు మళ్లీ నవ్వుకుంటూ బండ్లు తీశారు. బాబాయికి మాత్రం నవ్వు రాలేదు, ఎలా వస్తుంది? మూడేళ్ల కిందట ఇలాగే చెయ్యొకటి చెప్తే, చీటీ ఇంకొకటి చెప్పింది. చీటీనే నమ్మి బయల్దేరాడు. రోడ్డు మీద తనిఖీలో దొరికిపోయాడు. జరిమానా యజమాని కట్టాడు సరే, లైసెన్సు ఆర్నెల్లు ఆపేసింది మాత్రం బాబాయిదే కదా! ఇంకోసారి దొరికితే పూర్తిగా రద్దేనని రవాణా ఆఫీసులో మొహం మీదే చెప్పారు. ఆ ఆర్నెల్లూ వీధిలో ఏ లారీ హారన్ మోగినా గుమ్మంలోకి పరిగెత్తిన మనిషి ఆయన. స్టీరింగు లేకపోతే ఆయన లేడు.

ఈలోగా చిన్న ఓనరు వచ్చాడు. ఈ బాబాయి ఒళ్లో కూర్చునే లారీ హారన్ కొట్టడం నేర్చుకున్న పిల్లాడు, ఇప్పుడు మిల్లంతా అతనిదే.

"మిగతా నాలుగు బండ్లూ వెళ్లిపోయాయి. నువ్వొక్కడివే ఎందుకు బాబాయ్ మొండికేస్తావు? వెళ్లనంటే తాళాలు ఇచ్చెయ్, ఇంకొకర్ని పంపిస్తా."

తాళాలు జేబులోనే ఉన్నాయి. బాబాయి చెయ్యి జేబు వైపు పోలేదు.

"గంట టైమివ్వు అబ్బాయ్. ఎక్కువైన కంకర నేనే తీసేస్తా. తర్వాత నీ ఇష్టం."

యాభై ఎనిమిదేళ్ల మనిషి పార పుచ్చుకుని లారీ ఎక్కాడు. ఒక్కడంటే ఒక్కడు సాయానికి రాలేదు. చొక్కా తడిసి ముద్దయింది, అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యలో దిగి చెయ్యి పెట్టి చూడడం, ఉసూరుమంటూ మళ్లీ ఎక్కడం. చివరికి నాలుగో వేలు పట్టింది. పార అక్కడే పడేసి బండి స్టార్ట్ చేశాడు.

వంతెన ముందున్న తనిఖీ కేంద్రం దగ్గరికి వచ్చేసరికి ముందెళ్లిన నాలుగు బండ్లూ ఓ పక్కగా నిలబడున్నాయి! ఎక్కువైన కంకర అక్కడే దించాకే కదలాలని ఇన్‌స్పెక్టరమ్మ ఆర్డరు. ఇందాక నవ్విన డ్రైవర్లే ఇప్పుడు తలలు పట్టుకుని కూర్చున్నారు.

"అదే మిల్లు, అదే చీటీ. ఇది మాత్రం ఎక్కువ కాకుండా ఉంటుందా? ఎక్కించండి కాటా మీదికి" అందావిడ విసుగ్గా.

బాబాయి లైసెన్సు ఆవిడ చేతిలో ఉంది. పాత శిక్ష గురించి రాసింది కూడా ఆవిడ చదివేసింది. కాటా మీద అంకెలు పెరిగి, తగ్గి, నిలబడ్డాయి. పరిమితికి నలభై కిలోలు తక్కువ!

ఇన్‌స్పెక్టరమ్మ అంకె చూసింది, చీటీ చూసింది, బాబాయిని చూసింది. "ఆ నాలుగు బండ్ల లెక్కన మీ మిల్లు కాటా తక్కువ చూపిస్తోంది పెద్దాయనా. మరి మీకెలా తెలిసింది?"

బాబాయి బొబ్బలెక్కిన చెయ్యి చూపించాడు. ఆవిడ స్వయంగా లారీ వెనక్కి వచ్చి, చెయ్యి పెట్టించి మరీ చూసింది. లైసెన్సు తిరిగిస్తూ, "ఇది భద్రంగా పెట్టుకోండి" అంది. ఆ కార్డు జేబులో పెట్టుకుంటుంటే బాబాయికి ఏనుగెక్కినంత సంబరమేసింది. వంతెన మీద అవసరం లేకపోయినా రెండుసార్లు హారన్ కొట్టాడు. కొట్టడూ మరి!

మధ్యాహ్నం మిల్లులో లారీ నిలబడే కాటా పలక ఎత్తి చూశారు. వానకు తడిసిన రాళ్లపొడి అంచుల సందుల్లో గట్టిగా బిగుసుకుపోయింది. పలక పూర్తిగా కిందికి దిగితే కదా అసలు బరువు తెలిసేది! చిన్న ఓనరు అందరి ముందూ బాబాయి చేతులు రెండూ పట్టుకున్నాడు. "తప్పు నాది బాబాయ్" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే లోడెత్తిన లారీలన్నీ చదునైన చోట వరసకట్టాయి. కాటా బాగుచేశారు, చీటీలు చేతిలో ఉన్నాయి, అయినా ఒక్క డ్రైవరూ బండి స్టార్ట్ చెయ్యడే! నిన్న నవ్విన గుమాస్తా చీటీల కట్ట పుచ్చుకుని పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్ గారూ, మీరొకసారి చెయ్యి పెట్టి చూస్తే వీటి మీద సంతకం పెడతానండీ."

బాబాయి చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, మొదటి లారీ వెనక్కి నడిచాడు.