వడ్ల కుప్ప వాలు

నిన్న పొద్దున ఇడ్లీ తింటూ ఫోన్ తెరిస్తే, ఫిజిక్సు లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన కనిపించింది. ఒక పెద్ద పరిశోధనా సంస్థ వేసవి సెలవుల్లో బీఎస్సీ పిల్లలను తీసుకుని తమ ల్యాబుల్లో పని నేర్పిస్తుందట. ఉండడానికి హాస్టలు, చేతి ఖర్చులకు స్టైపెండు, రానూపోనూ రైలు ఛార్జీలు అన్నీ వాళ్ళవే. దాని కింద నాతో ఒకప్పుడు పనిచేసిన పెద్దమనిషి ఒకాయన "ఇవన్నీ మన పిల్లలకెక్కడ వస్తాయిలెండి" అని రాసి, పక్కన దండం బొమ్మ పెట్టారు. ఆ దండం చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. నా మొహం ఎలా ఉందో ఏమో, మా ఆయన "చట్నీలో కారం ఎక్కువైందా?" అని అడిగారు. చట్నీ బాగానే ఉంది. నాకు రేపల్లె అమ్మాయి గుర్తొచ్చింది, అంతే.

అప్పట్లో నేను తెనాలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్ని. పేరుకు గెస్టునే గానీ, స్టాఫ్ రూములో నాకంటూ ఒక కుర్చీ లేదు. ఎవరు క్లాసుకు వెళితే వాళ్ళ కుర్చీలో కూర్చునేదాన్ని. బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చేదాన్ని. ఆ అమ్మాయి రెండో సంవత్సరం బీఎస్సీ, రేపల్లె నుంచి బ్రాంచి లైను బండిలో వచ్చేది. మా ఇద్దరి బళ్ళూ కాస్త అటూ ఇటూగా తెనాలి చేరేవి కాబట్టి స్టేషను నుంచి కాలేజీ దాకా చాలాసార్లు కలిసే నడిచేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట తక్కువ. కానీ ఒకసారి "లేదండి" అందంటే ఇక దాన్ని "అవునండి" చేయించడం ఎవరి తరమూ కాదు. వాళ్ళమ్మ కూడా ఆ బాధ నాతో చెప్పుకుంది.

మా ల్యాబు సంగతి కొంచెం చెప్పాలి. పాత చెక్కబల్లలు, వేడెక్కిన సోడియం దీపం వాసన, సగం లెన్సులకు గీతలు. అయినా మా ల్యాబులో తప్పు విలువ వచ్చిన చరిత్ర లేదు. ఎందుకు లేదంటే, పిల్లలు ముందు జవాబు రాసుకునేవాళ్ళు. పుస్తకంలో ఉన్న విలువ కింద వేసి, అక్కడి నుంచి పైకి లెక్క కట్టుకుంటూ పోయి, దానికి సరిపడా రీడింగులు నింపేవాళ్ళు. లోలకం ఊగినా ఊగకపోయినా ఫలితం మాత్రం ఏటా ఒకటే. ఇది కాపీ అని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు, అదొక పద్ధతి. సీనియర్లు జూనియర్లకు ఓపిగ్గా నేర్పేవాళ్ళు. మా డిపార్టుమెంటు హెడ్డు గారికైతే అది గర్వకారణం కూడా. మొదటి ప్రాక్టికల్ రోజునే ఈ అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మేడం, వచ్చింది రాయమంటారా, రావలసింది రాయమంటారా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. వచ్చిందే రాయమన్నాను. రాసింది. హెడ్డు గారు దాని మీద ఎర్ర సిరాతో పెద్ద సున్నా చుట్టి, మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే వచ్చింది.

అలాంటి అమ్మాయి ఒకరోజు ఇలాంటి ప్రకటనే ఎక్కడో చూసి పట్టుకొచ్చింది. సొంతంగా చేసిన చిన్న ప్రయోగం ఒకటి, ఒక అధ్యాపకుడి సిఫార్సు ఉంటే చాలట. మన ల్యాబులో ఏముంది చెయ్యడానికి అన్నాను. "ల్యాబెందుకండి, మా మావయ్య మిల్లుంది కదా" అంది. వాళ్ళ మేనమామకు రేపల్లెలో రైసు మిల్లు ఉంది. వడ్లు గరాటులోంచి పళ్ళెంలోకి పోస్తే కుప్ప ఒక వాలు దాకా నిలుస్తుంది, ఆ పైన జారిపోతుంది. వడ్లలో తేమ పెరిగేకొద్దీ ఆ వాలు ఎలా మారుతుందో చూస్తానంది. తేమ కొలిచే మీటరు మిల్లులోనే ఉంది. ఆ శీతాకాలమంతా సాయంత్రాలు వడ్లు తడపడం, ఆరబెట్టడం, పోయడం, కొలవడం, ఇదే పని. "పిల్ల చదువుకుంటోందనుకున్నాం గానీ వడ్లతో గుజ్జనగూళ్ళు ఆడుతోందండి" అని మేనమామ నాతో ఫోన్లో మొత్తుకున్నాడు. మొత్తుకుంటూనే బస్తా తెచ్చి ముందు పెట్టేవాడనుకోండి.

గ్రాఫు గీసి హెడ్డు గారికి చూపించిన రోజు నేను ఆ గదిలోనే మూల కూర్చుని రికార్డులు దిద్దుతున్నాను. చుక్కలు తిన్నగా లేవు. కొంత దూరం దాదాపు పడుకుని, తర్వాత పైకి లేచాయి. ఒకటి మరీ విడిగా, ఎవరితోనూ పొత్తు లేనట్టు పక్కన నిలబడింది.

"ఇదేంటమ్మా, ముగ్గు పెట్టబోయి పిండి చల్లినట్టుంది?" అన్నారాయన. "గ్రాఫంటే గీత తిన్నగా పోవాలి. ఈ రెండూ కొంచెం పైకి జరుపు, ఆ ఒంటరిదాన్ని తీసెయ్యి. సంతకం పెడతాను."

"అవి అక్కడే వచ్చాయండి."

"వస్తే వచ్చాయి. ఇలాంటిది పంపితే వాళ్ళు నవ్విపోతారు. కాలేజీ పరువేం కావాలి?"

"నేను జరపనండి సార్" అంది.

ఆయన కాగితాలు బల్ల మీద ఇటు తోసేసి, కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ గొంతు మారలేదు. గడువు మర్నాటితో ముగుస్తుంది. ఆ సంతకం లేకపోతే ఆ వేసవి పోయినట్టే. మూడో ఏడాది అయిపోగానే పెళ్ళి సంగతి చూద్దామని ఇంట్లో అప్పటికే అనుకుంటున్నారు కాబట్టి, మరో వేసవి వస్తుందన్న నమ్మకం కూడా దానికి లేదు. నేను లేచాను. నిబంధనల్లో హెడ్డు అని ఎక్కడా లేదని, పాఠం చెప్పినవాళ్ళు ఎవరైనా చాలునని, నేను పాఠం చెప్పానని అన్నాను. గెస్టు లెక్చరర్లు సంతకాలు చేసే ఆనవాయితీ మన కాలేజీలో లేదమ్మా అన్నారాయన. ఇవాళ్టి నుంచి ఉంటుందండి అని అక్కడే, ఆయన బల్ల మీదే పెట్టి సిఫార్సు రాసి సంతకం చేశాను.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, వీడియోలో. కాలేజీ కంప్యూటరు సొంత పనులకు ఇవ్వరట. రేపల్లెలో వాళ్ళింటి పక్కనే మిల్లు హోరు. అందుకని బాపట్లలో మా ఇంటికి రమ్మన్నాను. మేనమామే బస్సులో తీసుకొచ్చాడు. సరిగ్గా ఇంటర్వ్యూ చేసే పెద్దాయన మాట్లాడడం మొదలుపెట్టగానే మా అత్తగారు వంటింట్లో మిక్సీ వేశారు. నేను పరుగెత్తి ప్లగ్గు పీకేశాను. "ఆ పిల్ల ఉద్యోగానికీ నా పచ్చడికీ ఏంటే సంబంధం?" అని ఆవిడ, ఆవిడ నోటికి నా అరచెయ్యి. గుమ్మం పక్క నుంచి విన్నాను. ఆ ఒంటరి చుక్క ఎందుకు అక్కడ వచ్చిందని ఆయన అడిగారు. ఈ అమ్మాయి ఇంగ్లీషు అంతంతమాత్రం. తెలీదండి, మళ్ళీ మళ్ళీ చేశాను, అక్కడే వచ్చింది, ఎందుకో తెలుసుకోవాలనే మీ దగ్గరికి వస్తానంటున్నాను, అని తనకొచ్చిన ముక్కల్లోనే చెప్పింది. తర్వాత ఆయన ఆ ఒక్క చుక్క గురించే చాలాసేపు మాట్లాడారు.

సీటొచ్చింది. వారం తిరక్కుండా కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ లేచింది. ఇంత పెద్ద హెడ్డు గారు చేతులు కట్టుకుని నవ్వుతున్నారు, మూలన తపాలా బిళ్ళంత ఈ అమ్మాయి. కింద 'వారి మార్గదర్శకత్వంలో' అని అక్షరాలు. నేనైతే నవ్వేసి ఊరుకునేదాన్ని. ఆ అమ్మాయి మాత్రం తిన్నగా ఆయన గదికి వెళ్ళింది. "నా ఫోటో తీసేయించండి సార్. మీరు జరపమన్న, తీసెయ్యమన్న చుక్కల వల్లే నాకు సీటొచ్చింది" అందట. గదిలో ఉన్న అటెండరు ఈ మాట కాలేజీ అంతా చెప్పుకొచ్చాడు. సాయంత్రం బండికి వెళ్ళేటప్పటికి గేటు బోసిగా ఉంది.

ఆ జూన్‌లో నాకు క్లాసులు ఇవ్వలేదు. బాపట్లలోనే ఇంకోచోట చూసుకున్నాను. బాధపడలేదని అబద్ధం చెప్పను గానీ, ఆ సంతకం మళ్ళీ పెట్టమంటే మళ్ళీ పెడతాను. ఇంకా పెద్దక్షరాలతో పెడతాను. ఆ అమ్మాయి వెళ్ళింది, పని నేర్చుకుంది, ఇప్పుడు ఇసుకా గింజలూ ఎలా జారతాయన్న దాని మీదే పరిశోధన చేస్తోంది. పెళ్ళి సంబంధాలను కూడా "లేదండి" అనే పంపించేస్తోందని వాళ్ళమ్మ ఫిర్యాదు. వయసు మీద పడేకొద్దీ మనసు పాత సంగతులన్నిటినీ కొంచెం ఇటూ, కొంచెం అటూ జరిపి, అంతా మంచికే జరిగిందనిపించేలా తిన్నగా సర్దేస్తుంది. ఎన్నేళ్ళు గడవనివ్వండి, ఆ ఏడాదిని మాత్రం నేను జరపను.