మొహాలు ఎర్రగా ఉన్నాయంట

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మాది మూడు తరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం. పోయినవాళ్ళు ప్రభువులో నిద్రిస్తారని ఇంట్లో నేర్పారు, శరీరం ఎలా ఆగిపోతుందో కాలేజీలో నేర్పారు. ఈ రెండిటి మధ్య దయ్యానికి నా దగ్గర ఎప్పుడూ చోటు దొరకలేదు. పక్కింటి పిల్లకి గాలి సోకిందని వాళ్ళమ్మ అంటే, ముందు రక్తపరీక్ష చేయించండి అని చెప్పిన మనిషిని. ఇప్పుడడిగినా అదే చెప్తాను. అందుకే ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

మేముండేది మామిడికుదురు దగ్గర. మావారు ప్రభాకర్ ప్రభుత్వాఫీసులో గుమాస్తా. ఒకరోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ ఆఫీసు వెనక గదిలో పడిపోయారు. తిరిగొచ్చినవాళ్ళు చూసి అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అప్పటికే అయిపోయింది. ఎంతసేపు అలా పడి ఉన్నారో ఎవరూ చెప్పలేకపోయారు.

నేను ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడుపు రాలేదు, చర్చివాళ్ళు ఇంట్లో పెట్టిన ఆదరణ కూటంలోనూ రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు నా మొహం చూసి వాళ్ళే ఏడ్చి వెళ్ళారు. పన్ను పీకేముందు ఇంజెక్షన్ చేస్తే బుగ్గ ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉండేది. కాఫీ కాలుతోందో చల్లారిందో తెలిసేది కాదు. సెలవు అయిపోగానే స్కూలుకి వెళ్ళాను. పాఠాలు చెప్పాను, పేపర్లు దిద్దాను. మాకు పిల్లలు లేరు. సాయంత్రం తలుపు తీసుకుని లోపలికి వెళ్తే ఇల్లు ఉండేది, అంతే.

మావారికి ఉన్న సరదా ఒక్కటే, సినిమా. అందరూ ఫోన్లలో చూసుకుంటున్న రోజుల్లో కూడా ఆయన డిస్కులే కొనేవారు. ముందుగదిలో పెద్ద టీవీ, దాని కింద డిస్క్ ప్లేయరు, మూలల్లో స్పీకర్లు, మధ్యలో మాటల కోసం ఇంకొకటి. సినిమా కంటే ముందు బొమ్మ సరిచేసుకోవడంతోనే బోలెడు పొద్దు గడిపేవారు. షాపులో తళుక్కుమనడానికి రంగులు దట్టంగా పెట్టి పంపిస్తారు, అది ఇంట్లో చూడ్డానికి కాదు అనేవారు. ఎవరిదో ఒక మొహం మీద బొమ్మ ఆపి, ఒంటి రంగు ఒంటి రంగులా వచ్చేదాకా రిమోటు నొక్కేవారు. చీకట్లో నిలబడ్డ మనిషి నల్లచొక్కా మడతలు కనపడాలి, అలాగని చీకటి బూడిదరంగు కాకూడదు. మోషన్ అని ఒకటుంటుంది, అది తీసెయ్యకపోతే సినిమా సీరియల్లా కనపడుతుందనేవారు. నాకు ఏ తేడా తెలిసేది కాదు. బాగుందండీ అనేదాన్ని.

తేడా తెలిసిన మనిషి వాళ్ళన్నయ్య. మా బావగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, ఉండేది మా వెనక వీధిలోనే. షుగరు వల్ల ముందొక కన్ను, తర్వాత రెండోది పోయాయి. కాకినాడలో ఆపరేషన్లు చేయించినా నిలబడలేదు. చూపు పోయాక కూడా ఆదివారం ఆరాధన అయ్యి, భోజనం చేసి మా ఇంటికి రావడం మానలేదు. మావారు పక్కన కూర్చుని బొమ్మ చెప్పేవారు. "ఇప్పుడు తలుపు తీసేడన్నయ్యా. లోపలెవరూ లేరు. నేలమీద గాజుముక్కలున్నాయి." సినిమాలో మాటలు వస్తుంటే ఆపి, అవి అవగానే మళ్ళీ అందుకునేవారు. వంటింట్లో ఉన్న నాకు సగం సినిమా ఆయన గొంతులోనే తెలిసేది.

ఆయన పోయాక బంధువుల పిల్లలు ఇంట్లో ఉన్న రోజుల్లో టీవీని ఇష్టమొచ్చినట్టు నొక్కేశారు. నేను పట్టించుకోలేదు.

కొన్ని వారాలు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం మా తోడికోడలు బావగారిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. ఇంట్లో కూర్చోలేకపోతున్నారని, కాసేపు ఏదైనా సినిమా పెట్టి వినిపించమని చెప్పి వెళ్ళిపోయింది. నేను చేతికందిన డిస్కు ప్లేయర్లో పెట్టి, వెనక కుర్చీలో కూర్చున్నాను. తెరమీద ఏదో పెళ్ళిసందడి. నేను చూడటం కూడా లేదు.

కాసేపటికి బావగారు అన్నారు. "మొహాలు బాగా ఎర్రగా ఉన్నాయంట. పిక్చర్ మోడ్ మార్చమ్మా."

చూశాను. నిజమే, అందరి మొహాలూ పసుపూ కుంకుమా కలిపి రాసినట్టున్నాయి. రంగుల గురించి తమ్ముడితో ఎన్నేళ్ళో మాట్లాడిన మనిషి కదా, అలవాటుగా అన్నారనుకున్నాను. రిమోటులో వెతికి సినిమా మోడ్ పెట్టాను.

"కలర్ ఇంకాస్త తగ్గించాలంట. అందరూ లావుగా కూడా ఉన్నారంట. ప్లేయర్ సెటప్‌లోకెళ్ళి స్క్రీను సైజు చూడు."

అక్కడ పాత టీవీల సైజుకి పెట్టి ఉంది. మార్చగానే మనుషులు మామూలు మనుషుల్లా అయ్యారు. అప్పటికి గాని ఆ 'అంట' నా చెవిలో పడలేదు. చూపు లేని మనిషి ఎర్రగా ఉన్నాయి అంటే పొరపాటు అనుకోవచ్చు. ఉన్నాయంట అంటే, ఎవరో చెప్పాలి.

ఎవరన్నారండీ అని అడిగాను.

ఆయన మొహం నావైపు తిప్పారు. "తమ్ముడేనమ్మా. నీకు వినపడ్డంలేదా?"

నాకు స్పీకర్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన మళ్ళీ తెరవైపు తిరిగారు. తర్వాత సినిమా అయ్యేదాకా మధ్యమధ్యలో తల ఊపారు. నాకు భయం వెయ్యలేదు. ఏమీ అనిపించలేదు. ఆయన వెళ్ళాక గ్లాసులు కడుక్కున్నాను.

కానీ నేను సైన్సు చెప్పే మనిషిని. తర్వాతి ఆదివారం మావారు ఇంకా కవరు విప్పని డిస్కు ఒకటి తీశాను. పేరు చెప్పకుండా పెట్టాను, పూర్తిగా శబ్దం తీసేశాను. మా టీవీలో మెనూ కదిపితే చప్పుడు రాదు. బ్రైట్‌నెస్ అడుగుకి తెచ్చి ఊరుకున్నాను.

బావగారు శబ్దమేదమ్మా అని అడిగారు. కాసేపాగి పెడతానన్నాను. సరేనని చెవి ఓ పక్కకి పెట్టి కూర్చున్నారు.

"మరీ చీకటి చేసేసేవంట. మెట్లు కనపట్టంలేదంట."

నాకూ కనపడలేదు. బ్రైట్‌నెస్ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చాను. ఒక మేడ, పక్కనుంచి పైకి వెళ్ళే మెట్లు, వాటిమీద ఒక ముసలాయన తేలారు. చాలంట, అక్కడ ఆపెయ్యి అన్నారు బావగారు. నేను లేచి ఆయన కళ్ళముందు చెయ్యి ఆడించాను. రెప్ప కదల్లేదు.

ఆ నెల కాకినాడ చెకప్‌కి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు గారు టార్చి వేసి చూశారు, మిషన్ దగ్గర కూర్చోబెట్టారు. వెలుతురుకీ చీకటికీ తేడా కూడా తెలియదని, ఇక తెలిసే అవకాశం లేదని చెప్పారు. ఏమైనా అనుమానమా అని అడిగారు. లేదండీ అన్నాను. బస్సులో వచ్చేటప్పుడు బావగారు నిద్రపోయారు. నేను కిటికీలోంచి చూస్తూ, ఆయనకి వినపడుతున్నది నాకెందుకు వినపడ్డంలేదు అని ఆలోచించాను. చాలా రోజుల తర్వాత నాకు కావాలనిపించింది అదొక్కటే.

తర్వాతి ఆదివారం సినిమా మధ్యలో ఆపి, మావారిని ఒక మాట అడిగిపెట్టమని బావగారితో అన్నాను.

"ఏం అడగమంటావమ్మా?"

"ఆ రోజు నొప్పెట్టిందా అని అడగండి. పిలిచారా ఎవర్నన్నా అని."

బావగారు కుడిపక్కకి తిరిగారు. అక్కడ ఖాళీ సోఫా. "ఏరా తమ్ముడూ, సుగుణ అడుగుతుంది, నొప్పెట్టిందా నీకు?" అన్నారు, పిల్లవాణ్ణి పలకరించినట్టు. చాలాసేపు ఆగారు. మళ్ళీ అడిగారు.

"బొమ్మ గురించే చెప్తన్నాడమ్మా. ఆగిపోయిందేంటంటన్నాడు. ఇంకేదడిగినా వాడికి వినపడ్డంలేదనుకుంటా." ఆయన కళ్ళు తడిశాయి. నేను సినిమా మళ్ళీ వేశాను.

అలా జరిగిన చివరి ఆదివారం కూడా మిగతావాటిలాంటిదే. చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చకుండా డిస్కు పెట్టాను. ఎండ పడకుండా తలుపులూ కిటికీలూ వేసి ఉన్నాయి. సినిమా సగంలో కరెంటు పోయింది. తెర నల్లగా అయిపోయింది, స్పీకర్లు ఆగిపోయాయి, ఫ్యాను నెమ్మదించి నిలిచిపోయింది. ఇద్దరం ఆ చీకట్లోనే కూర్చున్నాం. వస్తుందిలే అని నేను కదల్లేదు.

"కరెంటు పోయిందా అమ్మా?" అన్నారు బావగారు.

"ఆయ్, పోయిందండి."

"మరి వీడింకా చెప్తన్నాడేంటి?"

ఏం చెప్తున్నారండీ అని అడిగాను.

ఆయన వింటూ, ఆగుతూ, ఒక్కొక్క మాటే చెప్పారు. "ఒకావిడ కుర్చీలో కూర్చుందంట. ఆకుపచ్చ చీరంట. ఒళ్ళో రిమోటుందంట. ఎడమ జబ్బ దగ్గర జాకెట్టు కుట్టు ఊడిందంట, చూసుకోలేదంట. చిక్కిపోయిందంట."

నా చీర ఆకుపచ్చదే. మా తోడికోడలు చెప్పి ఉండొచ్చు. రిమోటు ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. ఎడమ జబ్బ వెనక్కి చెయ్యి పెట్టి తడిమాను. కుట్టు రెండు వేళ్ళు పట్టేంత విడిపోయి ఉంది. పొద్దున్నించీ పైట కిందే ఉంది అది. నాకే తెలియదు.

తర్వాతండీ అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

"మొహం మసగ్గా ఉందంట. సరిగ్గా కనపట్టంలేదంట. కాస్త వెలుతురులోకి రమ్మంటన్నాడు."

లేచాను. పడమటి కిటికీ రెండు రెక్కలూ తీసి, రెండడుగులు వెనక్కేసి దానికెదురుగా నిలబడ్డాను. కొబ్బరిచెట్ల మీదుగా ఎండ నేరుగా మొహం మీద పడింది. వెచ్చగా ఉంది. అది వెచ్చగా ఉందని నాకు తెలిసింది. ఎటు చూడాలో తెలియక ఖాళీ సోఫా వైపు చూశాను. కొంగు సర్దుకోవాలనిపించింది, సర్దుకోలేదు.

బావగారు చెవి సోఫా వైపు పెట్టి విన్నారు. తర్వాత మెల్లగా అన్నారు.

"ఇప్పుడు బాగుందంట."

కరెంటు వచ్చాక కూడా నేను టీవీ వెయ్యలేదు. మా తోడికోడలు వచ్చేసరికి ఇద్దరం అలాగే ఉన్నాం. నువ్వేంటి ఎండలో నిలబడ్డావు అంది.

ఆ తర్వాత బావగారికి ఆ గొంతు వినపడలేదు. రెండు మూడు ఆదివారాలు చెవి పెట్టి చూసి, "మానేసేడమ్మా" అన్నారు. పాస్టరు గారు విని, దుఃఖంలో మనసు ఇలాంటివి చేస్తుందని ప్రార్థన చేశారు. మా స్కూల్లో ఇంకో సైన్సు మాష్టారు, చూపు పోయినవాళ్ళకి మిగతా జ్ఞానాలు పదునెక్కుతాయన్నారు. కావచ్చు. మెట్ల సంగతి, కుట్టు సంగతి ఎవరు ఎలా చెప్పినా నాకు సరిపోలేదు, నేనూ చెప్పలేకపోయాను. మావారు ఉన్నారని నమ్ముతున్నావా అని అడిగితే నమ్మడం లేదనే అంటాను. అబద్ధమని మాత్రం అనలేను.

బావగారు ఇప్పటికీ వస్తారు. బొమ్మ నేను చెప్తాను. నాకు సరిగ్గా రాదు. ఎవరు ఎటు వెళ్తున్నారో చెప్పేలోపు వాళ్ళు వెళ్ళిపోతారు. ఆయన ఏమీ అనరు, ఆగి మళ్ళీ చెప్పమంటారు.