రాధాబాయి హిందీ

ఎనభై ఏడులో రాధాబాయి ఇంటికి టీవీ వచ్చిన నాటి నుంచి ఆ గల్లీలో ఆదివారం పొద్దున అంటే హిందీ సీరియలే. మగ్గం పక్కన చాపలు పరుచుకుని పదిమంది ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. సిద్దిపేట బజారులో బేరమాడే ఉర్దూ అందరికీ కాస్తో కూస్తో వచ్చు. కానీ బొంబాయి వాళ్లు ఏడుస్తూ మాట్లాడే హిందీ ఎవరికీ అందేది కాదు.

కాబట్టి కథేమిటో రాధాబాయి చెప్పేది. పెళ్లయిన కొత్తలో మూడేళ్లు షోలాపూర్‌లో ఉండి వచ్చిన మనిషి, హిందీ వచ్చే ఉంటుందని అందరి నమ్మకం. అక్కడి వీధి నిండా మన పద్మశాలీలేననీ, ఉప్పు కూడా తెలుగులోనే కొన్నాననీ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఆమెకు కథ తెలిసేది చీరలను బట్టి. “గామె అంచు జూడుండ్రి, జానెడున్నది. గసొంటి అంచు కట్టేటి అత్త కోడల్ని బతకనియ్యది,” అనేది. హీరో గురించీ ఒక మాట ఉండేది. “మంచోడే గని ఏడ్వరాదు. ఏడుస్తుంటే ముక్కు ఎర్రగైతలేదు.” నలుపు తెలుపు టీవీలో ముక్కు ఎర్రబడితే మాత్రం ఎట్లా కనబడుతుందని కూడా ఎవరూ అడగలేదు.

దసరా దాటాక ఎదురింట్లోకి రబియాబీ కిరాయికి దిగింది. పుట్టింది హైదరాబాదు పాతబస్తీ. ఇంట్లో ఉర్దూ తప్ప మాట్లాడరు. ఆ ఆదివారం ముసలి కొండవ్వ ఆమెను చెయ్యి పట్టి తెచ్చి ముందు చాప మీద కూర్చోబెట్టింది.

“రాధా, ఇగ నీకు తోడు దొరికింది. నువ్వు జెప్పింది సరో కాదో గీమె జెప్తది.”

రాధాబాయి మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి, కొండవ్వ మూడుసార్లు పిలిస్తే గానీ రాలేదు. వచ్చేసరికి టీవీలో ఆ జానెడంచు అత్త తన గాజులు తీసి కోడలి చేతికి తొడుగుతోంది.

“ఏందే రాధా, రాకాసి గాజులిస్తుంది?” అంది కొండవ్వ.

“ఇచ్చినట్టే ఇచ్చి... దొంగతనం మోపుతది,” అంది రాధాబాయి.

“నిజమేనా రబియమ్మా?”

అందరూ అటు తిరిగారు. రాధాబాయి మాత్రం మగ్గం మీద దారం నడిపే నాడెను చూస్తూ నిలబడింది. రేపటి నుంచి తన మాట ఈ గల్లీలో చెల్లదు.

రబియాబీ కాసేపు టీవీని చూసింది, తర్వాత రాధాబాయి మొహాన్ని.

“నాకు సమజైతలేదు అవ్వా. మాది పాతబస్తీ మాట, గిది బొంబాయి వాళ్లది. అక్క జెప్పిందే సహీ ఉంటది.”

అందరూ వెళ్లాక రబియాబీ చాపలు చుట్టడానికి ఆగింది. రాధాబాయి తలుపు దగ్గరికి వేసి, చిన్నగా అడిగింది.

“గా గాజులిచ్చినామె ఎవరు?”

“కన్నతల్లి అక్కా. గా పిల్ల కోడలు గాదు, బిడ్డ.”

రాధాబాయి మగ్గం గట్టు మీద కూలబడింది. “ఇరవై వారాల సంది గామెను గల్లీ అందరితోని తిట్టిపిచ్చిన గదనే.”

“తిట్టనియ్. అసలు కథల ఏం లేదు, ఊకె ఏడుస్తున్నరు. నీదే మంచిగున్నది.” రబియాబీ చాప పక్కన పెట్టి దగ్గరగా వచ్చి కూర్చుంది. “దొంగతనం మోపుతదంటివి గదా. వచ్చేవారం పిల్ల దొరుకుతదా, తప్పిచ్చుకుంటదా? జర చెప్పు.”

“ఇప్పుడెట్ల జెప్తనే?” అంది రాధాబాయి. “ఏం చీర గట్టుకొస్తదో జూడాలె గద.”