మణికట్టు పట్టి చూడమన్న సువార్తమ్మ గారు

సువార్తమ్మ గారు ఇక లేరు. మంగళవారం సాయంత్రం, ఇరవై ఆరేళ్లు తాను కాపలా కాసిన గుండె వార్డులోనే, తాను ఎందరినో బతికించిన మంచాల్లో ఒకదాని మీద కన్నుమూశారు. వార్త విని రాయపూర్‌లోని మన తెలుగు కుటుంబాలన్నీ దిగ్భ్రాంతి చెందాయి. నాకు మాత్రం దిగ్భ్రాంతి కంటే ముందు ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది. ఇలాంటి వ్యాసంలో కోపం శోభించదంటారు. ఆవిడ నాకు నేర్పిన విద్యలో సగం కోపమే, క్షమించండి.

బాపట్ల దగ్గరి పల్లె నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి, దేవేంద్ర నగర్‌లో రెండు గదుల ఇంట్లో స్థిరపడిన మనిషి. నేను రైల్వే గుమాస్తా కూతుర్ని. నర్సింగ్ పాసై ఆవిడ కింద చేరిన రోజునే, పేస్‌మేకర్ పెట్టిన ఒక రోగి ముందు నిలబెట్టి "నాడి ఎంతే?" అన్నారు. మానిటర్ చూసి డెబ్బై అన్నాను. "తెర నీకు చుట్టమా? మనిషిని అడుగు" అంటూ నా చెయ్యి లాగి రోగి మణికట్టు మీద పెట్టారు.

మా పాత మానిటర్‌కి ఒక జబ్బుంది. పేస్‌మేకర్ పంపే విద్యుత్తు మెరుపును అది గుండె చప్పుడుగా లెక్కేస్తుంది. ఆ మెరుపుకి గుండె పలికిందో లేదో దానికి తెలియదు. పేస్‌మేకర్ నుంచి గుండెలోకి దింపిన తీగ కొన కొంచెం జరిగినా, తీగ పెట్టిన మొదటి వారాల్లో ఆ చోట కండ వాచినా, రక్తంలో పొటాషియం గానీ ఆమ్లం గానీ పెరిగినా, ప్రాణవాయువు తగ్గినా, గుండె లయకిచ్చే కొన్ని మందులు ఎక్కువైనా, నిన్న చాలిన విద్యుత్తు ఇవాళ చాలదు. ఈ శాస్త్రమంతా ఆవిడ టిఫిన్ డబ్బా విప్పుకుంటూ చెప్పారు. "పడుకున్న మనిషిని లేపినట్టేనే. ఒంట్లో బాగుంటే మెల్లగా పిలిచినా లేస్తాడు, బాగోలేకపోతే గట్టిగా అరవాలి."

మా వార్డులో దుప్పటి మార్చాలంటే ఇద్దరుండాలి, ఒకరు దుప్పటికి, ఒకరు నాడికి. ఇది ఆవిడ పెట్టిన ఆచారం. "ఏక్ చాదర్, దో సిస్టర్" అని వార్డుబాయిలు నవ్వుకునేవారు. ఒకరోజు, ఒంటి బయట పెట్టెతో తాత్కాలిక పేస్‌మేకర్ పెట్టిన ఒక రిటైర్డు పంతులు గారిని ఎడమవైపు తిప్పేసరికి ఆవిడ వేళ్ల కింద నాడి ఆగిపోయింది. తెర మీద అంకె చెక్కుచెదరలేదు. ఆవిడ ఆయన్ని మళ్లీ కుడివైపు తిప్పి, పక్కనున్న ఆ పెట్టె మర తిప్పి విద్యుత్తు పెంచి, డాక్టరు కోసం కేక పెట్టారు. పంతులు గారు పది రోజులకు నడిచి ఇంటికి వెళ్లారు. నవ్వినవాళ్లు ఆ తర్వాత కూడా నవ్వారు.

ఇంకో రోగికి మూత్రపిండాలు చెడిపోయాయి, పైగా పేస్‌మేకర్. బంధువులు బలమని రోజూ కొబ్బరినీళ్లు పట్టిస్తున్నారు. అందులో పొటాషియం ఉంటుందని, ఇతని ఒంట్లోంచి అది బయటికి పోదని ఆవిడ మూడుసార్లు చెప్పి, నాలుగోసారి సింకులో పారబోశారు. వాళ్లు పలుకుబడి ఉన్నవాళ్లు. ఆవిడకి మెమో వచ్చింది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బీపీ యంత్రం కాలి కింద దోపి, "ఇన్నాళ్లకి పనికొచ్చేది ఒకటిచ్చారు" అన్నారు.

అంతటి మనిషికి, రిటైరైన రెండేళ్లకు, పేస్‌మేకర్ పెట్టాల్సి వచ్చింది. పెట్టి పన్నెండు రోజులైంది, ఇంకా మా వార్డులోనే ఉన్నారు. షుగరు వల్ల మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. మంగళవారం పొద్దున తల తిరుగుతుంటే సంగతి ఆవిడకే ముందు అర్థమైంది. నాడి చూడండి, పొటాషియం పరీక్షకు పంపండి, యంత్రం శక్తి పెంచండి అని డ్యూటీ డాక్టరుని అడిగారు. ఆ కుర్రడాక్టరు తెర వంక చూసి, "మౌసీ, అబ్ ఆప్ మరీజ్ హో, సిస్టర్ నహీ" అని నవ్వాడట. రోగివి, రోగిలా ఉండమని! ఒంటి లోపలి యంత్రానికి బయటి నుంచి శక్తి పెంచే పరికరం ఖరీదైనదని అల్మారాలో తాళం వేశారు. తాళంచెవి పెద్ద డాక్టరు జేబులో ఊరు దాటింది. పొటాషియానికి విరుగుడు ఇంజెక్షన్ మాత్రం అక్కడే ట్రేలో ఉంది.

పక్క మంచం మీద ధర్సీవా నుంచి వచ్చిన ముసలమ్మ నాకు ఏడుస్తూ చెప్పింది: "దాయీ కహత్ రహిస్, నాడీ దేఖ్ లవ్. కోనో నై దేఖిన్." అమ్మ నాడి చూడమంటూనే ఉంది, ఒక్కరూ చూడలేదు. సాయంత్రం ఈ ముసలమ్మే కేకేస్తే డాక్టరు వచ్చి మళ్లీ తెర చూశాడు. డెబ్బై. ఆ తర్వాత ఒంటి మీద చెయ్యి వేశాడు. అప్పటికే చల్లబడింది.

ఇంతమందిని తిట్టాను, ఇక నా వంతు. ఆ రోజు నాకు సెలవు. మూడు గంటలకు చూడ్డానికి వెళ్లాను. గుమ్మంలోంచే నా కళ్లు తెర మీదికి పోయాయి. "డెబ్బై ఉందక్కా, భేషుగ్గా ఉన్నారు" అన్నాను. ఆవిడకి మాట సరిగా రావడం లేదు. దుప్పటి కింద నుంచి కుడిచెయ్యి తీసి, మణికట్టు పైకి తిప్పి, నా వైపు చాచారు. ఆప్యాయత అనుకున్నాను. వేళ్లు పట్టుకుని నిమిరాను. చలేస్తుందేమోనని చెయ్యి మళ్లీ దుప్పటి కింద పెట్టి, రేపు వస్తానని చెప్పి వచ్చేశాను.

అక్కా, మీ పాదాలకు నమస్కారం. మీ లోటు తీర్చేవాళ్లు ఉన్నారని నాతో ఎవరూ అనవద్దు. మీ దగ్గర అందరికంటే ఎక్కువ నేర్చుకున్నదాన్ని నేనే.