గేర్‌బాక్సు మీద పడిన కన్ను

తోడల్లుడు బాగుపడితే సంతోషించేవాడిని ఒక్కణ్ణి చూపించండి, వాడి కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను. తెనాలి లారీ డ్రైవరు మీరా మొహిద్దీన్ మాత్రం ఆ రకం కాదు. పొన్నూరు మిల్లుల బియ్యమో, అడవులదీవి చేపలో, ఏది దొరికితే అది వేసుకుని ఏళ్ల తరబడి ఒకే పాత లారీ తోలుతున్నాడు. ఎండాకాలం అందులో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. అలాంటిది, తన దగ్గరే క్లీనరుగా చేరి స్టీరింగు పట్టడం నేర్చుకున్న షఫీక్, మరదలు ఇష్రత్ మొగుడు, కొత్త లారీ కొన్నాడు. అదీ ఏసీ క్యాబిన్‌తో!

ఆ సంతోషంలో షఫీక్ వీధంతటికీ బిర్యానీ పెట్టాడు. మీరాకు ముద్ద దిగలేదు.

"ఆ రంగేంటి, ఆ హారనేంటి! పెళ్లికొడుకులా ఉందండీ" అని భార్య జానీ బీ మురిసిపోయింది.

"నన్ను కట్టుకున్నందుకు ఏడువు" అన్నాడు మీరా.

నెల తిరక్కుండానే కంపెనీ నుంచి షఫీక్ ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ విడత లారీల్లో కొన్నింటికి గేరు దానంతటదే జారిపోవచ్చట, తెచ్చి చూపించుకుంటే ఊరికే బాగుచేస్తారట. ఇష్రత్ అక్కకు చెప్పింది, అక్క మొగుడికి చెప్పింది. మీరా ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

"కొన్నింటికి అన్నారు గానీ అన్నింటికీ అన్లేదుగా భాయ్" అంటూ షఫీక్ ధాన్యం సీజను వదులుకోలేక బండి తిప్పుతూనే ఉన్నాడు. రేపల్లె రోడ్డులో గేరు జారనే జారింది. ఎవడో కన్ను పెట్టాడని బండి ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. కట్టుకో నాయనా, గేరు పళ్లకు నిమ్మరసం పట్టించు అని మీరా లోలోపల నవ్వుకున్నాడు.

ఆ నవ్వు నిలవలేదు. బాపట్లలో మేనకోడలి పెళ్లికి ఆడవాళ్లంతా కొత్త లారీలోనే వెళ్దామన్నారు. అందరికంటే ముందు చీర తీసిపెట్టుకుంది జానీ బీయే. దారిలో వంతెన ఎక్కేటప్పుడు గేరు జారితే బండి వెనక్కే వస్తుంది. ఆ సంగతి మీరాకు బాగా తెలుసు.

పెళ్లి రోజు పొద్దున్నే షఫీక్ ఇంటికెళ్లాడు. "ఒరేయ్, ఇవాళ బండి తియ్యకు. ముందు షోరూములో చూపించు."

"ఏసీలో పోతున్నామని కళ్లు కుట్టాయా భాయ్?" అని షఫీక్ నవ్వాడు.

"ఏంటండీ మీరు, శుభమా అని బయల్దేరుతుంటే!" అని, అప్పటికే ముస్తాబై అక్కడికొచ్చిన జానీ బీ కూడా కసురుకుంది.

ఎందుకైనా మంచిదని ఇష్రత్ ఉప్పు, ఎండుమిరపకాయలు లారీ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. చిటపటలాడాయి గానీ ఘాటు రాలేదు. ఒక్కరూ దగ్గలేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిదేనన్నమాట. అందరి చూపులూ మెల్లగా మీరా మీదికి తిరిగాయి.

మర్యాదగలవాడైతే తల వంచుకుని వెళ్లిపోయేవాడు. మీరా కూడా కదిలాడు. కానీ జానీ బీ అప్పటికే క్యాబిన్ మెట్టు మీద కాలు పెట్టింది.

"నాదేరా ఆ కన్ను!" అని అరిచాడు. "బండి వచ్చిన రోజు నుంచి ఏడుస్తున్నాను. నిద్ర లేదు, కూడు సయించలేదు. నా ఏడుపు సరిగ్గా గేర్‌బాక్సు మీదే పడింది. మిరపకాయలకు పోయేది కాదది. గేర్‌బాక్సు విప్పితేగాని పోదు!"

వీధంతా విన్నది. జానీ బీ సిగ్గుతో చచ్చిపోయి మెట్టు దిగింది. కంపెనీ మాటకు చలించని షఫీక్ దిష్టి మాటకు వణికిపోయాడు. అందరూ బస్సులో బాపట్ల వెళ్లారు. దారంతా మీరాతో ఎవరూ మాట్లాడలేదు.

షోరూములో విప్పి చూస్తే గేరు పళ్లు సగానికి సగం అరిగిపోయి ఉన్నాయి. ఇంకో ఎత్తు ఎక్కి ఉంటే మనుషులు మిగిలేవారు కాదన్నాడట మెకానిక్కు. కొత్త గేర్‌బాక్సు బిగించి ఇచ్చారు. షఫీక్ తిన్నగా మీరా ఇంటికొచ్చి తాళం చేతిలో పెట్టాడు. "మొదట నువ్వే తోలాలి భాయ్" అన్నాడు.

మీరా రేపల్లె దాకా తోలాడు. స్టీరింగు ఒక్క వేలికి తిరుగుతోంది. గేరు పడినట్టే తెలియడం లేదు. చల్లగాలి మొహానికి తగులుతోంది. పక్కన షఫీక్ ఏవేవో మంచి మాటలు చెబుతున్నాడు గానీ మీరా చెవికెక్కడం లేదు. యా అల్లా, ఇంత బాగుంటుందా! ఇన్నాళ్లూ తెలియక ఏడ్చాడు. ఇక తెలిసి ఏడవాలి.