అటు తిరిగి ఉన్న అమ్మ

2022. కరోనా సద్దుమణిగి, మచిలీపట్నంలోని మా చిన్న చిత్రకళా మ్యూజియం మళ్లీ తలుపులు తెరిచిన ఏడాది. ఆదివారం మధ్యాహ్నాలు జనానికి బొమ్మలు చూపించి, వాటి కథ చెప్పే గైడ్‌ని నేను. టికెట్ లేదు. ఉచితం అంటే మనవాళ్లకు ఓ పట్టాన నమ్మకం కుదరదు. "చివర్లో ఏమైనా అమ్ముతారా అండీ?" అని గుమ్మంలోనే అడుగుతారు. నాకు మాట్లాడటమంటే ప్రాణం కాబట్టి ఎవరొచ్చినా పండగే.

ఆ వారం నాగాయలంక దగ్గరి ఒక పల్లె నుంచి చర్చి మహిళా సమాజం వాళ్లు బస్సులో వచ్చారు. చెప్పులు బయట విడిచారు. మొదటి బొమ్మ ముందుకు రాగానే కొంగులు తల మీదకి లాక్కుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"నిలబడి చూడాలండీ, ఇంకా చాలా బొమ్మలున్నాయి" అన్నాను.

"చెప్పేవాళ్లు నిలబడాలి, వినేవాళ్లు కూర్చోవాలి. మా సంఘంలో అంతేనండి" అంది వాళ్లలో పెద్దావిడ.

ఇక ప్రతి బొమ్మ దగ్గరా కూర్చోవడం, లేవడం. నా టూర్ నత్తనడక నడిచింది.

అలా ఉప్పెన బొమ్మ దగ్గరికి చేరాం. డెబ్బై ఏడులో దివిసీమను ముంచేసిన సముద్రాన్ని గుడివాడ డ్రాయింగ్ మాస్టారొకాయన పెద్ద కాన్వాస్ మీద వేశారు. నల్లటి నీళ్లు, ఒక తాటిచెట్టు. పీకల్లోతు నీళ్లలో ఒక తల్లి, చెట్టెక్కినవాళ్ల చేతికి పిల్లను అందిస్తోంది. ఆమె మనకు వీపు పెట్టి ఉంటుంది. మొహం కనిపించదు.

ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. "దీన్ని కంపోజిషన్ అంటారండీ. బొమ్మలో ఏది ఎక్కడుండాలో కూర్చుకోవడం. మొహం చూపిస్తే మన చూపు అక్కడే ఆగిపోతుంది. అందుకే మొహం దాచి, మనల్ని చేతులు చూడమంటున్నారు."

వెనక కూర్చున్న మరియమ్మ అనే ఆవిడ లేచి ముందుకొచ్చింది. యాభై ఏళ్లుంటాయేమో. రెండు చంకల కిందా తన చేతులే పెట్టుకుని చూపించింది.

"ఇక్కడ పట్టుకుందండీ మా అమ్మ. పైకందించింది. కిందకి చూస్తే నీళ్లేనండి. మొహం గుర్తులేదు నాకు. చేతులే గుర్తు."

నేను పక్కకు తప్పుకుని, ఆవిడను బొమ్మకు ఇంకా దగ్గరగా రానిచ్చాను.

"ఉప్పెనలో పోయినవాళ్లకి మా సంఘంలో ఏటేటా జ్ఞాపకార్థ కూడిక పెడతారండి. అందరూ బల్ల మీద ఫొటోలు పెడతారు. మాకు ఇల్లే కొట్టుకుపోయింది, ఇక ఫొటో ఎక్కడిది? అమ్మకి ఇంతవరకూ ఏం పెట్టలేదు. దీన్ని ఒక్క ఫొటో తీసుకోనిస్తారా, మేడంగారూ?"

మా దగ్గర ఫొటోలు తీయడం నిషేధం. గోడ మీద ఆ బోర్డు నా నెత్తిన వేలాడుతోంది. కాదనడానికి మనసు రాలేదు, అవుననడానికి అధికారం లేదు. మాస్టారికే ఫోన్ చేసి, విషయం చెప్పి, స్పీకర్ పెట్టాను. ఆయన అంతా విని అన్నారు:

"అమ్మా, ఆ రోజు నేను అక్కడ లేను. ఊహించి వేశాను. ఆ తల్లి మొహం ఎన్నిసార్లు గీసినా కుదర్లేదు. చెరిపీ చెరిపీ, చేతకాక అటు తిప్పేశాను. మీరేం ఫొటో తియ్యొద్దు. నేనే మంచి ప్రింట్ వేయించి పంపిస్తాను."

కంపోజిషన్, కంపోజిషన్ అని ఊదరగొట్టిన నేను తల దించుకున్నాను. మరియమ్మ మాత్రం కళ్లు తుడుచుకుంటూ అంది: "కుదరకపోవడమే మంచిదైందండి. ఎవరి మొహమో పెట్టుంటే మా అమ్మ కాకుండా పోయేది."

నవంబరు కూడికకు ఆ ప్రింట్ నేనే పట్టుకెళ్లాను. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, ఫొటోల మధ్య దాన్ని నిలబెట్టారు. మరియమ్మ పువ్వు పెట్టి, "మా అమ్మ ఎస్తేరమ్మ" అంది. అక్కడితో అయిపోతుందనుకున్నాను. పెద్దావిడ లేచి అదే బొమ్మ ముందు పువ్వు పెట్టి, "మా అక్క సుగుణమ్మ" అంది. ఆమె వెనకే ఇంకొకావిడ, "మా అత్త రాహేలమ్మ." ఫొటో లేనివాళ్లందరూ లేచారు. వరస గుమ్మం దాకా సాగింది. అంతమందికీ ఆ ఒక్క వీపే సరిపోయింది. అంత గొప్ప బొమ్మ ముందా నేను ఇన్నాళ్లూ వాగుతూ నిలబడ్డాను అనిపించింది.

కుదరక వదిలేసిన చోటు కూడా ఎవరికో ఇల్లవుతుందని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ బొమ్మ ముందు చాప వేయించాం. వచ్చినవాళ్లను కూర్చోమంటాను. నేనూ వాళ్ల పక్కనే, నోరు మూసుకుని కూర్చుంటాను.